గేర్ బాక్స్ దింపించే ముందు

అల్లుడూ,

నీ ఉత్తరం చదివాను. గేర్లు సరిగా పడటం లేదనీ, మెకానిక్ ఇలా చూసి అలా గేర్ బాక్స్ దింపాలన్నాడనీ రాశావు. దింపాల్సి వస్తే దింపిద్దాం. కానీ "గేర్లు పడటం లేదు" అన్న ఒక్క మాట వెనక చాలా జబ్బులుంటాయి. పెడల్ కింద ముడతపడిన ఫ్లోర్ మ్యాట్ కూడా అందులో ఒకటి. నవ్వకు. మ్యాట్ అడ్డుపడి క్లచ్ చివరిదాకా దిగకపోతే, బండి అచ్చం క్లచ్ పోయినట్టే ప్రవర్తిస్తుంది. ముందు దాన్ని లాగి పక్కన పడేసి చూడు.

తేడా అప్పటికీ పోకపోతే, బండిని చదునుగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ ఆపెయ్. క్లచ్ పూర్తిగా తొక్కిపెట్టి ఫస్ట్ నుంచి టాప్ దాకా, రివర్స్‌తో సహా, ఒక్కో గేరూ వేసి తీస్తూ రా. బలం పెట్టకు. గేర్ రాడ్‌ని వేళ్ళతో పట్టుకుంటే చాలు, లోపల ఏం జరుగుతోందో చేతికి తెలుస్తుంది. ఏదో ఒక గేరు దగ్గర పళ్ళకు పళ్ళు ఎదురై ఆగిపోవచ్చు. హ్యాండ్ బ్రేక్ వదిలి బండిని ఒక్క అంగుళం అటూ ఇటూ కదిపితే పడిపోతుంది. అది జబ్బు కాదు. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలుంచి, మళ్ళీ అదే పని చెయ్యి.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అన్నీ సాఫీగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం ఫస్టూ రివర్సూ మొరాయిస్తుంటే, నా అనుమానం గేర్ బాక్స్ మీద కాదు, క్లచ్ మీదే. తొక్కినా అది పూర్తిగా వదలడం లేదన్నమాట. ఇంజన్ తిరుగుడు ఇంకా కొంత గేర్ బాక్స్‌లోకి వెళ్తూనే ఉంది. దీన్ని రివర్స్ గేరు బాగా పట్టిస్తుంది. చాలా బళ్ళలో రివర్స్‌కి సింక్రోమెష్, అంటే వేగాలు కలిపి గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, ఉండదు, లోపలి షాఫ్ట్ తిరుగుతుంటే గర్రుమంటుంది. క్లచ్ తొక్కిన వెంటనే వేస్తే ఎవరి బండైనా గర్రుమనొచ్చు. తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి వెయ్యి. అప్పటికీ గర్రుమంటే, లేదా ఫస్ట్ వేసి క్లచ్ తొక్కిపెట్టి ఉంచినా బండి ముందుకు పాకుతుంటే, ఇక సందేహం అక్కర్లేదు.

ఆ తర్వాత పెడల్‌ని రెండు మూడు సార్లు గబగబా తొక్కి గేరు వేసి చూడు. అలా చేస్తే మెత్తగా పడుతోందా? నీది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే లైన్లో గాలి చేరి ఉండాలి, లేదా పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరో గేర్ బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండరో అరిగి ఉండాలి. బానెట్ ఎత్తి క్లచ్ ఆయిల్ డబ్బా చూడు. చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేకులకీ ఒకే డబ్బా. లెవెల్ పడిపోతోందంటే అది బ్రేకుల విషయం కూడా, అక్కడ మాత్రం టెన్షన్ పడాల్సిందే. పెడల్ పైభాగాన, రాడ్ ఇంజన్ వైపు గోడలోకి దూరే చోట వేలు పెట్టి తడి ఉందేమో తడుము. ఆ డబ్బా మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏ ఆయిల్ రకం రాసి ఉంటే అదే పోయించు. పెయింట్ మీద ఒలికితే వెంటనే కడిగెయ్, ఆ ఆయిల్ రంగును తినేస్తుంది.

తీగతో లాగే కేబుల్ క్లచ్ అయితే పెడల్‌ని చేత్తో నొక్కు. బరువు తగిలేలోపు కొంచెం ఖాళీగా కదలాలి. ఎన్ని మిల్లీమీటర్లో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఖాళీ ఎక్కువైతే క్లచ్ వదలదు, బొత్తిగా లేకపోతే పట్టదు. గేర్ బాక్స్ జోలికే పోకుండా ఒక్క నట్టు తిప్పితే సరిపోయే కేసులు మా షెడ్డుకి ఎన్నో వచ్చేవి.

పట్టకపోవడం వేరే కథ. అప్పుడు గేర్లు వెన్నలా పడతాయి గానీ బండి లాగదు. ఖాళీ రోడ్డు మీద, నాలుగో గేర్లో, 50 స్పీడులో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కు. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు ముల్లు అక్కడే ఉంటే క్లచ్ ప్లేటు జారుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాడు వాసన కూడా వస్తుంది. హ్యాండ్ బ్రేక్ లాగి, పెద్ద గేర్లో క్లచ్ వదిలి, ఇంజన్ ఆగిపోతుందా లేదా అని చూసేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. అసలే అరిగిన ప్లేటును ఇంకా కాల్చడం తప్ప ఉపయోగం లేదు.

ఇంజన్ ఆపినా గేర్లు గట్టిగానే ఉంటే అప్పుడు గేర్ బాక్స్ వైపు చూడు. అక్కడ కూడా ముందు బయట నుంచే. గేర్ రాడ్ వదులుగా ఊగుతుంటే, దాన్ని బాక్స్‌తో కలిపే లింకేజీలోని బుష్‌లు అరిగి ఉంటాయి, చవకైన పని. చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుని, కొంత దూరం పోయాక సర్దుకుంటే గేర్ ఆయిల్ లెవెల్, గ్రేడ్ చూపించు. జీఎల్-4 గ్రేడ్ ఆయిల్ అడిగే బాక్సులో జీఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రో రింగులు పాడయ్యే ప్రమాదముంది, పెద్ద నంబరు మంచిదనుకోకు. మిగతావన్నీ బాగుండి ఒక్క సెకండ్ గేరే గర్రుమంటే ఆ గేరు సింక్రో రింగ్ అరిగి ఉండొచ్చు. వేసిన గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోతుంటే లింకేజీనీ, ఇంజన్ మౌంటింగ్‌లనీ చూపించు. అవి బాగున్నాయంటే అప్పుడు మీ మెకానిక్ మాట నిజమే, బాక్స్ దింపక తప్పదు.

చప్పుడు సంగతి రాయలేదు నువ్వు. న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా విను. క్లచ్ తొక్కితే మొదలై వదిలితే పోయే చప్పుడు సాధారణంగా, తొక్కినప్పుడు క్లచ్‌ని వదిలించే రిలీజ్ బేరింగ్‌ది. వదిలినప్పుడు ఉండి తొక్కితే ఆగేది చాలాసార్లు, ఇంజన్ తిరుగుడును గేర్ బాక్స్‌లోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది.

ఇవన్నీ చూశాక మెకానిక్ దగ్గరికి వెళ్ళి, ఫలానా పార్టు పోయిందని మాత్రం చెప్పకు. "ఇంజన్ ఆపితే అన్నీ పడుతున్నాయి, నడుస్తుంటే రివర్స్ గర్రుమంటోంది" అని చూసింది చూసినట్టు చెప్పు. అలా చెప్పినవాడి బండి ముందు ఏ మెకానిక్ అయినా ఒక్క క్షణం ఆగుతాడు. అప్పటిదాకా నడపాల్సి వస్తే గేర్లు బలవంతాన నెట్టకు. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటుంటే మానెయ్, మీ అమ్మకు కూడా అదే అలవాటు.

క్లచ్ మార్చాలనే తేలితే ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి వేయించు. ఒక్కటే మార్చి, మిగతా వాటికోసం మళ్ళీ బాక్స్ దింపిస్తే కూలి రెండుసార్లు. క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం, అదే ఫ్లైవీల్, మీద నీలి మచ్చలు, పగుళ్ళు ఉన్నాయేమో అక్కడే నిలబడి చూడు. పాత ప్లేటు అడిగి తీసుకో. రివెట్ల దాకా సమంగా అరిగితే దాని ఆయుష్షు తీరిందంతే. నూనె అంటి నల్లబడి ఉంటే మాత్రం ఇంజన్ వెనక సీలో గేర్ బాక్స్ సీలో కారుతోంది. ఆ సీలు మార్చకుండా బాక్స్ ఎక్కించనివ్వకు.

మీ మావయ్య