ఆ ఒక్క గజం గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 2015 ఫిబ్రవరి 1న గ్లెండేల్‌లో జరిగిన సూపర్‌ బౌల్‌లో, అంటే అమెరికన్‌ ఫుట్‌బాల్‌ ఫైనల్లో, సియాటిల్‌ సీహాక్స్‌ చేజార్చుకున్న ఆఖరి గజం మీద రాశావు: గోల్‌ గీతకి గజం దూరంలో బంతితో పరిగెత్తకుండా పాస్‌ వేశారు, అది ప్రత్యర్థి చేతికి పోయింది. మొదటి వాక్యంలోనే సియాటిల్‌ కోచ్‌ పీట్‌ కారల్‌ది బుద్ధితక్కువ పని అని తేల్చేశావు. తీర్పు ముందు, విచారణ తర్వాత! అదీగాక, ఆ ప్లే (ఎత్తుగడ) ఎంచుకున్నది అతని కింద దాడి వ్యూహం చూసే కోచ్‌ డారెల్‌ బెవెల్‌. కారల్‌ నింద తన నెత్తిన వేసుకున్నాడు. ముందు ఆ రెండింటినీ విడదియ్యి.

తర్వాత గడియారం లెక్క పెట్టు. స్కోరు 28–24, ముందున్నది న్యూ ఇంగ్లండ్‌. తేడా 4 పాయింట్లు కాబట్టి బంతిని గోల్‌ స్తంభాల మధ్యకి తన్నితే వచ్చే 3 పాయింట్ల ఫీల్డ్‌ గోల్‌ ఎందుకూ పనికిరాదు. ఫస్ట్‌ డౌన్‌లో (డౌన్‌ అంటే ఒక ప్రయత్నం, వరసగా నాలుగు దొరుకుతాయి) సియాటిల్‌ రన్నర్‌ మార్షాన్‌ లించ్‌ బంతిని ఐదో గజం నుంచి ఒకటో గజానికి తెచ్చాడు. సెకండ్‌ డౌన్‌ స్నాప్‌కి, అంటే బంతి కదిలే క్షణానికి, మిగిలినవి 26 సెకన్లు, మూడు ప్రయత్నాలు, ఒక్క టైమవుట్‌. పరిగెత్తినవాణ్ణి మధ్యలో పడేస్తే గడియారం నడుస్తూనే ఉంటుంది, ఆపాలంటే టైమవుట్‌ ఖర్చుపెట్టాలి. పాస్‌ నేలపాలైతే దానంతటదే ఆగుతుంది. మూడుసార్లూ లించ్‌కే ఇస్తే మూడోసారికి సమయం మిగులుతుందన్న భరోసా లేదు. కాబట్టి సెకండ్‌ డౌన్‌లోనో థర్డ్‌ డౌన్‌లోనో ఒకసారి పాస్‌ వెయ్యడం తెలివిమాలిన పనేం కాదు. నువ్వు ఈ లెక్క జోలికే పోకుండా ‘లించ్‌కి ఇస్తే సరిపోయేది’ అన్నావు. ఆ సీజన్‌లో అతను ఒకటో గజం నుంచి ఐదుసార్లు పరిగెత్తి ఒక్కసారే గీత దాటాడు. ఐదు అంకె మీద మేడ కట్టకు, అలాగని దాచకు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. ఆ పాస్‌ ఎవరి కోసం వేశారో ఆ రికార్డో లాకెట్‌ చేతుల్లోనే బంతి పడి సియాటిల్‌ గెలిచిందనుకో. నీ వ్యాసంలో ఏ వాక్యాలు మారతాయో వాటి కింద గీత గియ్యి. కోచ్‌ నిర్ణయం గురించిన వాక్యం ఏదైనా గీత మీదికొస్తే కొట్టెయ్యి, అది నిర్ణయం గురించి రాసింది కాదు. న్యూ ఇంగ్లండ్‌ కోచ్‌ బిల్‌ బెలిచిక్‌ గడియారాన్ని ఆపకుండా నిలబడ్డాడని పొగిడిన పేరాకీ ఇదే పరీక్ష. లాకెట్‌ పట్టి ఉంటే ఆ మౌనాన్నే ఉతికి ఆరేసేవాడివి.

అసలు తప్పు పట్టాల్సిన చోటు వేరే ఉంది: పాస్‌ సరే, ఆ పాసే ఎందుకు? శబ్దం తీసేసి వీడియో నెమ్మదిగా చూడు. కుడివైపు ఇద్దరు సియాటిల్‌ రిసీవర్లు (పాస్‌ పట్టేవాళ్లు) ఒకరి వెనక ఒకరు, ముందు జెర్మేన్‌ కర్స్‌, వెనక లాకెట్‌. కర్స్‌ ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టి న్యూ ఇంగ్లండ్‌ ఆటగాడు మాల్కమ్‌ బట్లర్‌ దారికి అడ్డం పడాలి, ఆ సందులోంచి లాకెట్‌ లోపలికి కోసుకురావాలి. కానీ కర్స్‌ ఎదుట ఉన్నది బ్రాండన్‌ బ్రౌనర్‌, భారీ మనిషి, పైగా అంతకుముందు సియాటిల్‌కే ఆడినవాడు. కర్స్‌ని గీత దగ్గరే పట్టి నిలిపేశాడు. బట్లర్‌ దారి ఖాళీ. లాకెట్‌ కంటే అరడుగు ముందు చేరి రెండు చేతులా బంతి లాక్కున్నాడు.

బంతిని జనం మధ్యలోకి విసిరే స్లాంట్‌ అది. గీత అవతలి ఎండ్‌ జోన్‌ వెనక మూలకి ఎత్తి వేస్తే మనవాడు పట్టాలి, లేదా బంతి బయటికి పోవాలి. పాస్‌ విసిరే రసెల్‌ విల్సన్‌ పక్కకి పరిగెత్తి ఉంటే సందు దొరక్కపోతే పారేసే వీలైనా ఉండేది. పైగా ఆ ముఖ్యమైన బంతి లాకెట్‌కి, జట్టులో ప్రధాన రిసీవర్‌ కాదతను. నీ విమర్శ బరువంతా ఇక్కడ పెట్టు. బట్లర్‌ ఆ వారం ప్రాక్టీసులో ఇదే ప్లేకి దెబ్బతిన్నాడన్న సంగతీ ఈ పేరాలోనే రావాలి, ‘అద్భుతం’ అన్న మాట తీసేసి.

డౌన్‌ అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పు. సియాటిల్‌ పక్కన రెడ్మండ్‌లో ఉన్న పాఠకుడికి అక్కర్లేదు, విజయవాడలో చదివేవాడికి కావాలి. కబడ్డీతో పోలిక మాత్రం వద్దు, అక్కడ గడియారం ఇలా పనిచెయ్యదు.

చివర్లో ‘అక్కడితో ఆట ముగిసింది’ అన్నావు. ముగియలేదు. ఇంకా 20 సెకన్లున్నాయి, బంతి న్యూ ఇంగ్లండ్‌ సొంత గీతకి గజం దూరంలో ఉంది. సమయం గడిపెయ్యడానికి బంతితో మోకాలు ఆనిద్దామంటే వెనక చోటు లేదు, సొంత ఎండ్‌ జోన్‌లో ఆనిస్తే సేఫ్టీ, రెండు పాయింట్లు సియాటిల్‌కి పోతాయి. సియాటిల్‌ ఆటగాడు తొందరపడి ముందే గీత దాటాడు. ఐదు గజాల జరిమానాతో న్యూ ఇంగ్లండ్‌ పాసర్‌ టామ్‌ బ్రేడీకి చోటు దొరికింది. దీనికి నాలుగు వాక్యాలు కేటాయించి మళ్లీ పంపు.

ఇట్లు,
నీ అన్నయ్య