కుక్క తిరిగిందా, మర్లిందా?

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా లాబ్రడార్‌కు హీల్, అంటే ఎడమ కాలి పక్కనే నడవడం వచ్చింది. ఇప్పుడు మూల మీద నాతోపాటు స్మూత్‌గా టర్న్ కావడం నేర్పుతూ రోజూ తెలుగులో నోట్స్ రాసుకుంటున్నా. "కుక్క బాగా తిరిగింది" అని రాస్తే ఊరంతా తిరిగొచ్చినట్టుంది. "తిరగబడింది" అని రాస్తే మా నాయిన చదివి "ఎవర్ని కరిచింది?" అన్నడు. "మర్లింది" అని రాయమంటడు ఆయన. అది రాతలో చెల్లుతుందా? ఎడమ, కుడి టర్న్‌లకు, స్మూత్‌కు ఏం రాయాలి?

సమాధానం: మీ నాయిన చెప్పిందే సరైన మాట, ధైర్యంగా రాయండి.

తిరుగు అన్న మాటకు ఇప్పటికే పని ఎక్కువైంది. గానుగెద్దు తిరుగుతుంది, పనిలేనోడు తిరుగుతడు, "కుక్కను తిప్పుకొస్తా" అంటే పొద్దున వాకింగ్‌కు తీసుకపోవడమే అయింది. నడుస్తున్న దిక్కు మార్చుకోవడం అన్న ఒక్క అర్థానికే అయితే మర్లు ఉండనే ఉంది. పాత మాట 'మరలు'. ఊరులు అన్నది మన దిక్కు ఊర్లు, కోస్తాలో ఊళ్లు అయినట్టే, మరలు మనకు మర్లు అయింది, అక్కడ మళ్లు అయింది. అందరూ రాసే 'మళ్లీ' కూడా ఈ మాట బిడ్డే. మళ్లీ అంటే రాతభాష, మర్లి అంటే మాండలికం అని ఎవరన్నా అంటే నాకు నిజంగా బాధేస్తది, ఎందుకంటే ఆ రెండూ ఒకే తల్లి పిల్లలు. ఒక్క జాగ్రత్త: మర్లింది వేరు, మర్లబడ్డది వేరు. రెండోది ఎదురు తిరగడం, దాన్ని రాస్తే మీ నాయిన మళ్ల అదే ప్రశ్న అడుగుతడు.

కుక్క మర్లుతుంది, సరే, మరి మీరేం చేస్తున్నరు? మలుపుతున్నరు. బండి మలిపినట్టు, ఎడ్లను మలిపినట్టు. ఆగు–ఆపు, జరుగు–జరుపు లాంటి జంటలో రెండోది ఈ మలుపు. మొదటిది మలుగు, కానీ కుక్కకు "మలిగింది" అని రాయకండి, ఇప్పుడు దీపం ఆరిపోయిందనే అర్థమే ముందు తోస్తుంది. మళ్లించు కూడా వద్దు, పేపర్లలో నిధులు మళ్లించీ మళ్లించీ ఆ మాటకు దారి తప్పించడమనే వాసన పట్టింది.

ఇక ఎడమ, కుడి. దీనికి నాగలి కట్టినోళ్ల దగ్గర ఎంత మంచి మాటలున్నయో చూడండి. ఎడమన కట్టింది దాపటెద్దు, కుడిన కట్టింది వలపటెద్దు, మన నోట్లో ఎలపటెద్దు. కావ్యాల్లోని డాకేలు, వలకేలు, అంటే ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, వీటికి చుట్టాలే. ఎదురెదురుగా నిలబడితే నీ కుడి నాకు ఎడమ అవుతుంది, కుక్క ముందు నిలబడి నేర్పేవాళ్లు తికమకపడేది అక్కడే. దాపల, వలపల అన్నవి ఒకే దిక్కుకు కలిసి నడిచేవాళ్ల మాటలు, సాగర్ ఎడమ కాల్వ అన్నప్పుడు నీళ్లు పారే దిక్కుకే మొహం పెట్టి ఎడమ అని లెక్కగట్టినట్టు. మీ కుక్క మీకు దాపల నడుస్తుంది కాబట్టి అది మీ దాపటి జోడు.

పాలమూరు దిక్కు చిన్నప్పుడు నేను చూసిన దుక్కిలో, చాలు చివర దాపలకు మలిపితే దాపటెద్దు దాదాపు ఉన్నచోటే అడుగులేసేది, వలపటెద్దు దూరం చుట్టి వచ్చేది. మీ కుక్కదీ అదే లెక్క. మీరు ఎడమకు మలిపితే అది లోపలి వైపు, మీ మోకాలు దాని దారికి అడ్డం వస్తుంది, వేగం తగ్గించి వెనకభాగాన్ని పక్కకు జరుపుకోవాలి. కుక్కకు ముందుకాళ్ల మీద ఉన్నంత ధ్యాస వెనకకాళ్ల మీద ఉండదు, అందుకే నేర్పేవాళ్లు దాని ముందుకాళ్లు తక్కువ ఎత్తు పీట మీద పెట్టించి, వెనకకాళ్లతో చుట్టూ జరగడం ముందు అలవాటు చేస్తరు. కుడికి మలిపితే అది బయటి వైపు, ఎక్కువ దూరం నడవాలి, కాబట్టి మీ అడుగులు పొట్టిగా ఉండాలి, తినిపించే ముక్క మీ ఎడమ తొడ పక్కనే అందాలి. ఏ దిక్కయినా మూలకు రెండడుగుల ముందే వేగం తగ్గించి, భుజం అటు తిప్పితే దానికి సంగతి తెలిసిపోతుంది. పిలుపుకు మాత్రం దాపల, వలపల రెండూ వాడకండి, రెండు మాటల చివరా 'పల' ఒకటే కాబట్టి కుక్క చెవికి కలగాపులగం అవుతాయి. 'దాప', 'కుడి' అనుకోండి.

స్మూత్‌కు నున్నగా అనొద్దు, అది గచ్చుకు. మెత్తగా అంటే దుప్పటి గుర్తొస్తుంది. ఉర్దూ నుంచి వచ్చిన సాఫీగా మనకు ఎప్పుడో సొంతమైంది, కుక్క మర్లడానికి అదే బాగుంటుంది. మీరు మలపడానికయితే ఒడుపుగా.

హీల్‌కు మడమ అని మాత్రం పెట్టుకోకండి, తెలుగులో దానికి ఆ అర్థం రాదు. 'వెంట' అంటే వెనక కూడా రావొచ్చు. బాట పొంటి, కాల్వ పొంటి అంటం కదా, అంటే వాటి పక్కనే వెంబడి, దాన్ని కొంచెం సాగదీసి 'కాలి పొంటి' అంటే ఎట్లుంటది? నాకైతే నచ్చింది. రేపటి నోట్సు ఇట్లా రాసి చూడండి: "కాలి పొంటి బాగా నడిచింది. దాపలకు మలిపితే సాఫీగా మర్లింది. వలపలకు మలిపినప్పుడు ఒక అడుగు ఎనకబడ్డది, తప్పు నాదే, పెద్ద అడుగులేసిన."