కుడివైపు కడుపునొప్పి: సీటీ స్కాన్ వద్దనాలా?

"అన్నా, సీటీ అంటే రేడియేషన్ కదా, వద్దని చెప్పేయమంటావా?" పోయిన నెల ఓ రాత్రి పదకొండింటికి ఎమర్జెన్సీ నుంచి ఫోన్. డాలస్ వచ్చి మూడు నెలలు కాలేదు అతను. భార్యకి పొద్దున బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి సాయంత్రానికి కుడివైపు కిందికి దిగిందట. వాము నమిలించారు, మజ్జిగ పట్టించారు, వీడియోకాల్లో అత్తగారు చెప్పిన కాపడమూ అయ్యింది. ఆ తర్వాతే కారు తీశారు.

వద్దనకు, అడుగు అన్నాను. అలా దిగే నొప్పి అపెండిక్స్ వాపు కావచ్చు, పేగుకి వేలాడే చిన్న తోక అది.

అమెరికాలో మనిషికి గాలి, నేల, ఆకాశం నుంచి ఏడాదికి ఎటూ 3 మిల్లీసీవర్ట్‌ల దాకా రేడియేషన్ తగులుతుంది, మిల్లీసీవర్ట్ దాని కొలత. మామూలు పొట్ట సీటీ సుమారు 8. ఒక్కసారికి అదేం కొంప ముంచదు, పగిలిన అపెండిక్స్ ముంచుతుంది. అయితే కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు) లేకుండా ఒకసారి, ఎక్కించి ఒకసారి తీశారంటే డోసు దాదాపు రెట్టింపు. అపెండిక్స్ కోసమైతే ఎక్కించాక ఒక్కసారి (ఒక్క ఫేజ్) తీస్తే మామూలుగా సరిపోతుంది. "ఒక్క ఫేజేనా? లో డోస్ ప్రోటోకాల్ ఉందా?" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. దక్షిణ కొరియాలో అపెండిక్స్ వాపు అనుమానం ఉన్న, 15 నుంచి 44 ఏళ్ళ మధ్య 891 మందిలో సగం మందికి 8, సగం మందికి 2 మిల్లీసీవర్ట్‌లతో తీసి చూశారు. 2012లో ఫలితాలొచ్చాయి. కోసి తీసిన అపెండిక్సుల్లో అనవసరంగా తీసినవి రెండు జట్లలోనూ నూటికి మూడు చిల్లరే.

పిల్లలకైతే ముందు అల్ట్రాసౌండ్. గర్భిణులకీ అంతే, దాంతో తేలకపోతే ఎమ్మారై.

కాంట్రాస్ట్ డోసు చాలాచోట్ల బరువును బట్టి లెక్కేస్తారు. ఇక్కడే మనవాళ్ళు పప్పులో కాలేస్తారు. అరవై అని ఊరుకుంటే వాళ్ళకి పౌండ్లు అనిపించొచ్చు. "అరవై కేజీలు" అనండి, లేదా 132 పౌండ్లు. సన్నగా ఉన్నవాళ్ళకి ఎక్స్‌రే వోల్టేజీ తగ్గించి తీయొచ్చు, అప్పుడు అయోడిన్ ఇంకా బాగా కనిపిస్తుంది కాబట్టి మందూ తక్కువ పడుతుంది. రొయ్యలు పడనంత మాత్రాన ఈ మందు పడదని కాదు. ఇదివరకు కాంట్రాస్ట్‌కే దద్దుర్లొచ్చి ఉంటే మాత్రం తప్పక చెప్పండి. చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే అదీ చెప్పాలి, కిడ్నీలు బాగుంటే సాధారణంగా ఆపమనరు.

నాకూ ఓసారి సీటీ తీశారు. మందు ఎక్కించినప్పుడు గొంతులోంచి వేడి సర్రున దిగింది, నోట్లో ఇనుము రుచి. ప్యాంటు తడిసిందేమోనని తడుముకున్నాను కూడా. తడవలేదు.

నాకు తీసిన ఆ రాత్రే నన్ను పెద్దాసుపత్రికి పంపారు. మొదటిచోట తీసిన బొమ్మలు అక్కడ తెరుచుకోలేదు, సీడీ అడిగి తెచ్చుకోవాలని నాకూ తట్టలేదు. మళ్ళీ పడుకోబెట్టి తీశారు, రెండు డోసులు, రెండు బిల్లులు. అందుకే మీ స్కాన్ సీడీ అడిగి తీసుకుని, పాస్‌పోర్టులు పెట్టే కవర్లోనే పెట్టుకోండి.