దక్షిణ ఖండం రాస్తున్న మేనకోడలికి

చిట్టీ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఆఫీసు నుంచి వచ్చాక రెండింటి దాకా మేలుకుని ఏదో లోకాన్ని రాస్తున్నావట. ఉత్తర ఖండం పూర్తయిందట, ఇప్పుడు దక్షిణ ఖండానికి చరిత్రా మతాలూ కల్పిస్తున్నావట. వాడి గొంతంతా టెన్షన్. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత కథ పట్టుకున్నదానివి నువ్వొక్కదానివే.

పొద్దున్నే నీ నాలుగు పేజీలు వాడిచేత వాట్సాప్‌లో పంపించుకుని చదివాను. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "దక్షిణాన చీకటి దేవతను కొలిచే క్రూర జాతులుంటాయి" అని రాశావు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. కొండలు గీసి నీళ్ళు ఎటు పారతాయో చూసుకో, ఊళ్ళు వాటి వెంట పుడతాయి. నీ ఖండం భూమధ్యరేఖకు దిగువన ఉంటే కిందికి పోయేకొద్దీ చలి ఎక్కువ, మన ఎండాకాలం వాళ్ళకు చలికాలం. రాజుల పేర్ల పట్టిక చివర్లో రాసుకోవచ్చు. రాత్రి పదకొండుకల్లా పడుకో. మీ తాతయ్య కళ్ళు ఎలా పోయాయో మర్చిపోకు.

చరిత్ర రాసేటప్పుడు అన్నీ అందరికీ గుర్తున్నట్టు రాస్తున్నావు. గుర్తుండదమ్మా. అమరావతి స్తూపం ఉన్న దిబ్బను ఊరివాళ్ళు దీపాలదిన్నె అనేవారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళేసరికి కొత్త కట్టడాల కోసం ఆ దిన్నెను తవ్వి రాళ్ళు పట్టుకుపోతున్నారు. లోపల ఏముందన్నది మరుగున పడిపోయింది, పేరులో దీపాలు మాత్రం మిగిలాయి. నీ ఖండంలో కూడా అలాంటి దిన్నె ఒకటి ఉండనీ. దాని అసలు కథ నీకు తెలిస్తే చాలు, అక్కడి మనుషులకు తెలియనక్కర్లేదు.

మతాల సంగతి. రాజ్యానికొకటి చొప్పున రేషన్ పంచినట్టు పంచావు. నాగార్జునకొండ శాసనాలు చూడు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అదే ఊళ్ళో బౌద్ధుల మహాచైత్యానికి దానాలు ఇచ్చింది. ఒకే ఇంట్లో ఒకరిది యజ్ఞం, ఒకరిది చైత్యం. ఈ పాఠం వచ్చినప్పుడల్లా, పండగ పూట ఆ అన్నాచెల్లెళ్ళు ఏం మాట్లాడుకునేవారో చెప్పమని పిల్లల్ని అడిగేదాన్ని. నీ రాజుల ఇళ్ళల్లో కూడా ఆ మాటలు వినపడాలి.

మేడారం సంగతి నీకు తెలుసు, నాతో వచ్చావు. గద్దెల మీద విగ్రహాల్లేవు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణెగా వస్తుంది. జనం బెల్లం ఇచ్చి, దాన్ని బంగారం అంటారు. ఇరవై పేజీల పురాణం రాసేకంటే, బెల్లాన్ని బంగారం అనిపించే నమ్మకం ఒక్కటి పట్టుకో.

ఇక నా సంగతి. ఇది మీ నాన్నకు కూడా సగమే తెలుసు.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఒక వారపత్రికలో నా జానపద సీరియల్ వచ్చేది. అందులోనూ దక్షిణ దేశం ఉంది. దక్షిణం అనగానే యముడి దిక్కు అని మనకు చిన్నప్పుడే నూరిపోస్తారు కదా, చెడ్డవాళ్ళందరినీ అక్కడ పెట్టాను. వాళ్ళకొక భయంకరమైన దేవత కావాల్సి వచ్చింది. ఎక్కడికో వెళ్ళి వెతకలేదు. మన ఊరి పోలేరమ్మ జాతరలో డప్పులూ వేపమండలూ గావు అనే బలీ, రాత్రిపూట పొలిమేర చుట్టూ చల్లే పొలీ (బలి నెత్తురు కలిపిన అన్నం), అన్నీ తీసుకుని పేరు మార్చి నెత్తురు తాగే రాక్షసిని చేశాను. చివరి వారంలో ఉత్తరాది రాకుమారుడు ఆ విగ్రహాన్ని పగలగొడతాడు, జనం అతని కాళ్ళ మీద పడతారు.

జాతరలో ఆసాది పాటలు పాడే పెద్దాయన మనవరాలు నా దగ్గరే తొమ్మిదో తరగతి చదివేది. మా టీచరమ్మ రాసిందని వారం వారం తాతకు చదివి వినిపించేదట. ఒకరోజు సాయంత్రం ఆయన మనింటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు, అరుగు కిందే నిలబడ్డాడు. "అమ్మా, నా బిడ్డలిద్దరికీ అమ్మవారు పోస్తే వేపాకు పరిచి రాత్రంతా ఆ తల్లి పేరే పాడాను. ఒకడు బతికాడు, ఒకడు పోయాడు. పోయినవాడి కోసం కూడా ఆమె దగ్గరే ఏడిచాను. ఆ పొలి ఎందుకు చల్లుతామో ఎప్పుడన్నా వెంట వచ్చి చూశావా?" అన్నాడు.

చూడలేదు. మన ఇంటి ఆడపిల్లల్ని పంపేవాళ్ళు కాదు. మేడ మీంచి దివిటీల వెలుగులు చూశాను, అంతే. ఊరికి రోగం రాకూడదని, పంట పోకూడదని చల్లుతారని ఆయన చెబితే తెలిసింది.

చివరి భాగం అప్పటికే పోస్టు చేసేశాను. ఆపమని ఉత్తరం రాయడానికి మూడు రోజులు తటపటాయించాను. నాకు వచ్చే పేరు పోతుందని భయం. అచ్చయిపోయింది. ఆ పిల్ల తర్వాత కూడా బడికి వచ్చింది, మొదటి బెంచీలోనే కూర్చుంది, మళ్ళీ ఏనాడూ నన్ను కథ గురించి అడగలేదు. పుస్తకంగా వేస్తామని ఒకరు వస్తే వద్దన్నాను. వద్దనడానికి కారణం ఇదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అందుకే నీ వాక్యం చూసి గుండె ఝల్లుమంది. చీకటి దేవతను పెట్టొద్దని కాదు తల్లీ, పెట్టు. నెత్తురు ఉంటే ఉండనీ. కానీ జ్వరం వచ్చిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆ దేవతను పిలిచే మనిషి ఇంట్లోంచి మొదలుపెట్టు. నీ పేజీల్లో ఆ ఖండం గురించి మాట్లాడేదంతా ఉత్తరాది యాత్రికుడే. తాముండేది దక్షిణమని అక్కడివాళ్ళు అనుకోరు కదా, వాళ్ళకది మన ఊరు. ఆ ఊరిని వాళ్ళేమంటారో నీకు తెలిసేదాకా మ్యాపు మీద పేరు రాయకు.

కోప్పడుతున్నాననుకోకు. ఆ ఓడరేవు ఊళ్ళో ఉప్పు కొలిచే ముసలమ్మ గురించి నువ్వు రాసిన పేరా మూడుసార్లు చదువుకున్నాను. ఆ వయసులో నేను అలా రాయలేకపోయాను.

ఆ పిల్ల ఇప్పుడు పక్క మండలంలో టీచరు. నిన్న ఫోన్‌లో నీ కబురు వినగానే ఆమె గుర్తొచ్చి పొద్దున్నే మాట్లాడాను. తాత పాటలు రెండు నోట్‌బుక్కుల్లో రాసిపెట్టుకుందట. నువ్వు వస్తే పాడి వినిపిస్తానంది, కాకపోతే జాతర రోజులకే రమ్మంది. పొలి వెంట నడవనిస్తారో లేదో ఊళ్ళో అడిగి చెబుతుందట. నన్నూ రమ్మంది. నా మోకాళ్ళు పొలిమేర దాకా వస్తాయో రావో, నువ్వైతే సెలవు పెట్టుకో.

మీ అత్త