విన్చ్ సంగతి తరవాత, ముందు ఆరు నెలల ఖర్చులు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఇంట్లో నాదొక్కడి సంపాదనే. ఆరేళ్ల పాప ఉంది. వచ్చే ఏడాది మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టి, రోడ్లు లేని మారుమూల ప్రాంతాలన్నీ కుటుంబంతో తిరిగి రావాలని కోరిక. ఇందుకోసం కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం చూశాం. దాని ధర నా 16 నెలల జీతం. పొదుపు చేసిన 4 నెలల జీతం డౌన్ పేమెంటుకు ఇచ్చి, మిగతాది కార్ లోన్ తీసుకుంటాను. విన్చ్ (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం), స్టీల్ బంపర్, రూఫ్ టెంట్, స్నార్కెల్ (ఇంజిన్‌కు గాలిని పై నుంచి అందించే గొట్టం), కొత్త సస్పెన్షన్‌కు మరో 5 నెలల జీతం అవుతుంది. దానికి 14 శాతం వడ్డీతో వ్యక్తిగత రుణం ఇస్తామంటున్నారు. రెండు ఈఎంఐలూ కలిపి జీతంలో 37 శాతం. ఇలా ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. మీ ప్రయాణాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ మీ ఉత్తరంలో విన్చ్ ఉంది, స్నార్కెల్ ఉంది, అత్యవసర నిధి అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. బీమా ఊసే లేదు. దూర ప్రయాణానికి సిద్ధం కావడమంటే బండికి సామాను తగిలించడమే అనుకునేవారు చాలామంది నా దగ్గరకు వస్తుంటారు. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

జీతం లేని సెలవు అని మీరే రాశారు. ఆ మూడు నెలలూ ఈఎంఐలు ఆగవు. వాటికే ఒక నెల జీతం కంటే ఎక్కువ కావాలి. ఇంటి ఖర్చులు, దారి ఖర్చులు వేరే. పొదుపంతా అప్పటికే డౌన్ పేమెంటుకు పోయి ఉంటుంది. ఇక మిగిలేది క్రెడిట్ కార్డు, అంటే మూడో అప్పు. పైగా 14 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకున్న రుణానికి, అసలు మీద దాదాపు 40 శాతం వడ్డీయే కడతారు. బండి అమ్మిన రోజున ఆ సామానుకు పెట్టిన డబ్బులో తిరిగొచ్చేది కొంతే. దయచేసి ఈ రుణం జోలికి వెళ్లకండి.

కొన్నేళ్ల క్రితం ఒక దంపతులు నా ఎదుట ఒక బిల్లు పెట్టారు. మడతల్లో ఇంకా ఎర్ర దుమ్ము ఉంది. తారు రోడ్డుకు చాలా దూరంలో వాళ్ల గేర్‌బాక్స్ పోయింది. బీమా సంస్థ ఇచ్చిన రోడ్డు సహాయం తారు రోడ్డు దగ్గరే ఆగిపోయింది. బండిని లాగి తెచ్చిన ట్రక్కు వాళ్లకు అక్కడికక్కడే డబ్బు కట్టాల్సి వచ్చింది. బండి ముందు భాగాన మెరిసే విన్చ్ ఉంది, ఖాతాలో మాత్రం ఏమీ లేదు. కార్డు మీద తీసిన ఆ మొత్తం తీర్చడానికి వాళ్లకు పదకొండు నెలలు పట్టింది.

కాబట్టి ఈఎంఐలతో కలిపి ఆరు నెలల ఖర్చులు ముందు పక్కన పెట్టండి. సెలవు కాలపు మూడు నెలల ఖర్చు ఇందులో కలపకండి, అది వేరే. బండి చెడితే లాగించడానికి, బస చేయడానికి, కుటుంబాన్ని ఇంటికి పంపడానికి ఇంకో నెల జీతం విడిగా ఉంచండి. ఈ మూడూ చేతికి వచ్చాకే బండి.

తరవాత బీమా. బండికి ఏ మార్పు చేసినా బీమా సంస్థకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం వాళ్లకు మీరే ఇచ్చినట్లు. స్నార్కెల్ పెట్టినంత మాత్రాన బండి పడవ కాదు. అది గాలి తీసుకునే చోటును పైకి జరుపుతుంది, అంతే. ఇంజిన్‌లోకి నీరు వెళ్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అదనంగా కొనే ప్రత్యేక రక్షణ (యాడ్ ఆన్) లేకపోతే ఆ నష్టాన్ని చాలా పాలసీలు భరించవు. ఇక మీ ఒక్కరి సంపాదన మీద కుటుంబం నడుస్తోంది కాబట్టి, టర్మ్ పాలసీ, ప్రమాద బీమా, ఆరోగ్య బీమా లేకుండా ఇల్లు కదలకండి. మారుమూల నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు మీ ఆరోగ్య పాలసీలో ఉందో లేదో చదివి చూసుకోండి.

సామాను జాబితాను బరువుతో కొలవండి, సగం దానంతటదే తగ్గిపోతుంది. స్టీల్ బంపరు, విన్చ్ కలిపితేనే వంద కిలోల దాకా వెళ్లవచ్చు. నలభై లీటర్ల నీళ్లంటే నలభై కిలోలు. రూఫ్ టెంట్ మరో యాభై, అరవై కిలోలు. ఇంకా మనుషులు, ఇంధనం, తిండి ఉన్నాయి. తయారీదారు చెప్పిన మొత్తం బరువు దాటితే బ్రేకులు, స్ప్రింగులు దెబ్బతింటాయి, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ అదే ఎత్తి చూపవచ్చు. మొదటి ప్రయాణానికి అన్ని రకాల నేలకూ పనికొచ్చే మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లు, రెండు స్టెప్నీలు, గాలి కొలిచే మీటరు, చిన్న కంప్రెసర్, పార, దిగబడిన చక్రాల కింద పెట్టే రికవరీ బోర్డులు చాలు. ఇసుకలో దిగబడిన బండి చాలాసార్లు టైర్లలో గాలి తగ్గిస్తేనే బయటపడుతుంది. ఛాసిస్‌కు బిగించిన రికవరీ పాయింట్లు, అంటే లాగే తాడు తగిలించే కొక్కేలు, ఉన్నాయో లేదో చూడండి. ట్రెయిలర్ తగిలించే బాల్‌కు తాడు కట్టి లాగితే అది విరిగి తూటాలా ఎగరవచ్చు, దానివల్ల మనుషులు చనిపోయారు. ఫోను అందని చోట ఉపగ్రహం ద్వారా సహాయం కోసం సంకేతం పంపే అత్యవసర బీకన్ ఉండాలి. కొన్ని దేశాల్లో ఉపగ్రహ ఫోన్లకు అనుమతి కావాలి, ముందే కనుక్కోండి.

బండి కొత్తదే కానవసరం లేదు. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్లుండి, విడిభాగాలు ఎక్కడైనా దొరికే మోడల్‌ను సెకండ్ హ్యాండ్‌లో, మీ 7, 8 నెలల జీతంలోపు చూడండి. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కొంచెం తీయించండి. పాలలా తెల్లగా కనిపిస్తే లోపలికి నీరు వెళ్లిందని అర్థం, వదిలేయండి. ఛాసిస్ లోపలి వైపు తుప్పునూ చూడమనండి. అద్దె బండితో ముందు ఒక వారం తిరిగి రావడం కూడా మంచి దారే. ఇంటి రుణం మీద అదనంగా ఇచ్చే టాప్ అప్ లోన్ తీసుకుంటే వడ్డీ తక్కువ కదా అని అడగబోతారేమో, వద్దు.

నిధి కూడబెట్టడానికి ఏడాది సరిపోకపోతే ప్రయాణాన్ని మరో ఏడాది జరపండి. ఈలోగా మీ వాహన బీమా ప్రతిపాదన పత్రాన్ని, మినహాయింపుల పేజీతో సహా నాకు పంపితే చదివి చెబుతాను.