పాడే ముందు ఆమెను అడగండి

వలస వచ్చిన దేశంలో ఉద్యోగం చేసుకుంటూ, మాతృభాషలో పాటలు కట్టి, వలస కార్మికుల హక్కుల సభల్లో పాడుతున్నానని, ఇప్పుడు మీ భార్య 'ఈ సభలు మానెయ్యండి' అని పట్టుబడుతున్నారని మీరు రాశారు. ఉద్యమం అవసరం గురించి రెండు పేజీలు రాసిన మీరు, ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. కొత్త పాటలో రెండో చరణం ఎత్తుకోగానే ఆమె లేచి వెళ్లి, సభ ముగిసేదాకా కారులోనే కూర్చున్నారు. ఆ చరణం, ఇక్కడి భాష సరిగా రాని తొలి రోజుల్లో, పనిచేసే చోట ఆమెకు జరిగిన అవమానం గురించినది.

ఆమె కోపం ఉద్యమం మీద కాదని నా నమ్మకం. మీకు తప్ప ఎవరికీ చెప్పుకోని బాధను, ఒక్క మాటైనా అడగకుండా, మీరు నలుగురి ముందు పెట్టారు. ఒకరి కష్టాన్ని అందరి కష్టంగా వినిపించగలగడమే ఇలాంటి పాటకున్న బలమని నేనూ ఒప్పుకుంటాను. కాని విన్నవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. మర్నాడు పొద్దున్నే అదే పనిచోటికి వెళ్లవలసింది ఆమె.

దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా 1963లో ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు అక్కడి ప్రభుత్వం ఆమె పౌరసత్వాన్ని రద్దు చేసింది, పాటలను నిషేధించింది. ఆమె మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టింది 1990లోనే. తన మాటకు తానే అంత మూల్యం చెల్లించారు. మీ పాటకు మాత్రం మూల్యం మీ భార్య చెల్లిస్తున్నారు.

అందుచేత, ముందుగా క్షమాపణ చెప్పండి; వెంటనే సంజాయిషీ మొదలుపెట్టకండి. పాట కాగితం ఆమె చేతికిచ్చి, ఏ పంక్తి ఉండాలో, ఏది పోవాలో ఆమెనే చెప్పమనండి. చరణమంతా తీసేయమంటే తీసేయండి. బాగా కుదిరిన చరణాన్ని వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఇదే చెబుతాను.

ఈ సభల్లో పాడటం వల్ల వీసాకు ఇబ్బంది వస్తుందేమోనని ఆమె పడుతున్న భయాన్ని కూడా కొట్టిపారేయకండి. ఉద్యోగ వీసాపై ఉన్నవారు బయట పారితోషికం తీసుకోవడానికి చాలా దేశాల్లో ఆంక్షలుంటాయి కనుక, ఇద్దరూ కలిసి వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని సంప్రదించండి.

వచ్చే సభకు ఇంకా మూడు వారాలుందని రాశారు. ప్రస్తుతానికి ఆ పాట లేకుండానే కార్యక్రమం సిద్ధం చేసుకోండి.