టింబర్ డిపోలో కలప ‘అడుగు’ లెక్క ఎలా కడతారు?

డిపోలో ‘అడుగు ఇంత’ అంటే ఘనపుటడుగు, అంటే సీఎఫ్‌టీ. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించాలి.

గడపతో సహా దర్వాజా అనుకోండి: 5×3 అంగుళాల సైజు చెక్కలు, 7 అడుగులవి రెండు, 3½ అడుగులవి రెండు. మొత్తం 21 అడుగులు. 5×3×21÷144 = 2.19 సీఎఫ్‌టీ. అడుగు రూ.3,000 అయితే దాదాపు రూ.6,560.

చిక్కంతా కొలత ఎప్పుడు తీశారన్న దాంట్లోనే. చిత్రిక పట్టాక అదే చెక్క 4¾×2¾కి దిగితే చేతికొచ్చేది 1.9 మాత్రమే, 13 శాతం తక్కువ. బిల్లు మాత్రం కోత సైజుకే పడుతుంది. అది మోసం కాదు, కానీ ముందే అడగాలి. తెల్లచెక్క (బెరడు కింది లేత చెక్క) ఉన్న అంచుకు చేవ (లోపలి గట్టి చెక్క) ధర ఇవ్వకండి.

దుంగ లెక్క వేరు: చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి, పొడవుతో గుణించి, 144తో భాగిస్తారు. 48 అంగుళాల చుట్టు, 10 అడుగుల దుంగ 10 సీఎఫ్‌టీ. అసలు ఘనపరిమాణం 12.7, ఆ తేడా కోతలో పోయే తరుగుకు వదిలేసినట్టు. టేపు బెరడు మీద వేశారేమో చూసుకోండి.